పోపుగారి ఊళ్లో పాత సీసా

ఆ ఊరి మీద ఎగిరే పళ్లాలు తిరగకూడదు. పొరపాటున దిగాయో... స్వాధీనం చేసేసుకుంటారు! ఇది 1954లో అక్కడి మేయరు జారీచేసిన ఉత్తర్వు. 2016లో కూడా దాన్ని రద్దు చేయడానికి ఊరు ఒప్పుకోలేదు. ద్రాక్షతోటలంటే అంత మమకారం మరి!

ఆ ఊరు షాటోనెఫ్ దు పాప్. దక్షిణ ఫ్రాన్స్‌లో అవిన్యోన్ నగరానికి కాస్త ఉత్తరాన ఉంటుంది. పేరుకి 'పోపుగారి కొత్త కోట' అని అర్థం. పద్నాలుగో శతాబ్దంలో పోపులు రోమ్‌లో కాకుండా అవిన్యోన్‌లో ఉండేవారు. అప్పట్లో పోపు 22వ జాన్ ఈ గుట్టమీద కోట కట్టించాడు. 1944లో జర్మన్ సైనికులు పేల్చేయగా సగం బురుజు మిగిలింది. ఊళ్లో ఎక్కడ నిలబడినా ఆ మొండిగోడ కనిపిస్తుంది.

తోటల్లోకి వెళితే చాలాచోట్ల మట్టే కనపడదు. అన్నీ రాళ్లే, నున్నగా గుండ్రంగా! ఒకప్పుడు రోన్ నది మోసుకొచ్చి వదిలినవి. పగలు ఎండని దాచుకుని రాత్రి తీగలకు వెచ్చదనాన్నిస్తాయి. ఉత్తరం నుంచి వీచే మిస్త్రాల్ గాలి గుత్తుల్లో తడిని ఆరబెడుతుంది. కాయను చేత్తోనే కోయాలన్నది ఇక్కడి నియమం.

ఈ వైన్‌లో పదమూడు రకాల ద్రాక్షను కలపొచ్చు. రంగుల తేడాలనూ లెక్కేస్తే పద్దెనిమిది. పెత్తనం మాత్రం గ్రెనాష్‌దే. పండు రుచి, నిండుదనం దానివి. సిరా ముదురు రంగునీ మిరియాల ఘాటునీ తెస్తుంది. ఏళ్ల తరబడి నిలిచే పట్టు మూర్వెద్ర్‌ది.

కొత్తగా ఉన్నప్పుడు ఈ వైన్ కొత్తావకాయలాంటిది, ఘాటు ముందొచ్చి మీద పడుతుంది. అదే పదిహేను ఇరవై ఏళ్లు చీకటి నేలమాళిగలో పడుకున్న సీసా అయితే తీరే వేరు. దానిమ్మ గింజలాంటి ఎరుపు ఇటుకరంగుకి తిరుగుతుంది. నాలుకను పట్టేసే వగరు మెత్తబడి, కొంత మడ్డిగా అడుగున చేరుతుంది. అందుకే కుదపకుండా నెమ్మదిగా వంపాలి. ఎండు అంజీర, పాత తోలు, వాన తడిసిన అడవిలో రాలిన ఆకుల వాసన... వెనకే లవంగం, మిరియం. పోపుగారి పేరు వింటే మన పోపులపెట్టె గుర్తొచ్చినా తప్పులేదు!

ఏ నేలలో, ఏ రకం ద్రాక్షతో చేస్తే ఈ పేరు పెట్టుకోవచ్చో 1923లో బారన్ లె రోయ్ నాయకత్వంలో ఇక్కడి రైతులే రాసుకున్నారు. ఇప్పుడు వాళ్ల దిగులంతా ఎండల గురించే. వేడికి గ్రెనాష్‌లో తీపి పెరిగిపోతోంది. తీపి పెరిగితే ఆల్కహాలూ పెరుగుతుంది. పదిహేను శాతం దాటిన సీసాలు అరుదేం కాదు. ఆ భారంలో అసలు రుచులు మునిగిపోతాయేమోనని భయం. అందుకే ఆలస్యంగా పండే మూర్వెద్ర్ వైపు, ఇన్నాళ్లూ చిటికెడు కలిపి ఊరుకున్న కూన్వాజ్ వైపు కొందరు చూస్తున్నారు. ఇవాళ నాటిన తీగ తొలి కాపుకే మూడు నాలుగేళ్లు కావాలి. ఆ సీసా పాతబడటానికి మరో పదిహేనేళ్లు!