రంగుకు ముందు

జనవరి 18, తిరుపతి

పొద్దుపోయేదాకా పాత ఐరోపా చిత్రాల గురించే చదివాను. 'మోనాలిసా' వేసింది పాప్లర్ చెక్క మీద. వాన్ ఐక్ 1432లో ముగించిన ఘెంట్ చర్చి చిత్రం ఓక్ పలకల మీద. తోలు ఉడికించి తీసిన జిగురు ముందు పట్టించాలి, లేకుంటే చెక్క నూనెనంతా తాగేస్తుంది. దానిపైన ఇటలీలోనైతే జిప్సం, ఉత్తరాదినైతే సుద్ద జిగురులో కలిపి, పూత మీద పూత వేసి, అద్దంలా నున్నగా గీకుతారు. అప్పుడు అవిసె నూనెలో నూరిన రంగుల్ని పలచని పొరలుగా వేస్తారు. వెలుగు ఆ పొరల్లోంచి దిగి, అడుగు తెలుపును తాకి వెనక్కొస్తుంది. ఆ చిత్రాల్లోని ముఖాలకు కాంతి అట్లా వచ్చింది.

జనవరి 21, శ్రీకాళహస్తి

కలంకారీ వేసేవాళ్ళింట్లో సాయంత్రందాకా కూర్చున్నాను. కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఎండేసిన గాడా గుడ్డ పరిచి ఉంది. ఆ ఇంటి అక్క వెదురు కలానికి చుట్టిన ఉన్నిని కసింలో ముంచి, వేళ్ళతో మెల్లగా నొక్కుతూ గీత లాగింది. తుప్పు ఇనుము, బెల్లం నీళ్ళలో ఊరబెట్టి తీసిన ఆ కసిం కలం కొనన లేతగా ఉంది. గుడ్డకు తగిలాక నల్లబడింది. కరక్కాయ వగరు, ఇనుము కలిస్తే పుట్టే నలుపది.

"పాలు సరిగ్గా పట్టకుంటే గీత పాకిపోతాది సారూ," అంది అక్క. పాలలోని కొవ్వే ఆ గీతకు కట్ట.

ఎరుపు కావలసినచోట పటిక నీళ్ళు రాస్తారు. తర్వాత మంజిష్టతో కాస్తే, పటిక ఉన్నచోటనే ఎరుపు నిలుస్తుంది.

జనవరి 22, తిరుపతి

ఆ చెక్క చిత్రాల్లో రంగు పూత మీద కూర్చుంటుంది, కలంకారీలో నూలులోకి దిగిపోతుంది. చెక్కకు తేమ గండం: మోనాలిసా పలకకు పైఅంచు నుంచి జుట్టుదాకా సన్నని పగులుంది. కలంకారీకి మాత్రం నీళ్ళే ప్రాణం. పారే నీళ్ళలో జాడిస్తేనే అక్కర్లేని రంగు పోతుంది. స్వర్ణముఖి నది ఎండితే ఈ పని కూడా ఎండుతుందని దిగులుగా ఉంది. అడుగంటుతున్న ఈ విద్యకు 1957లో శ్రీకాళహస్తిలో పెట్టిన శిక్షణ కేంద్రం ఊపిరి పోసింది. ఇప్పుడు ఏటిని కాపాడుకోవడం కూడా అంతే అవసరం.

మా బడిలో పిల్లలకు మొదటిరోజే రంగు డబ్బాలిస్తున్నాం. ఈ ఏడు మాత్రం ముందు గుడ్డకు కరక్కాయ పాలు పట్టించడం, పలకకు సుద్ద పూయడం నేర్పిస్తాను. రంగు ఎందుకు నిలుస్తుందో చేతికి తెలిశాకే కుంచె ఇస్తాను.