పట్టుట, విడుచుట

కామాటిపుర మనగానే ఈ నగరములో పెక్కుమంది ముఖము ముడుచుకొందురు. ఆ పేరులోని అర్థ మెరిగినవారు తక్కువ. కామాటి యనగా కూలిపని, కట్టడపుపని చేసి బ్రతుకువాడు. 1784లో హార్నబీ వెల్లార్డు కట్ట పూర్తియైన పిదప బొంబాయి దీవుల నడుమనున్న పల్లపునేలలు క్రమముగా ఆరి, నివాసమునకు తగినవయ్యెను. ఆ నేలపై నిజాము రాజ్యపు తెలుగు సీమనుండి వచ్చిన మన పెద్దలు గుడిసెలు వేసికొనిరి. రాళ్ళు మోసిరి, గోడలు లేపిరి, బాటలు పరచిరి. తరువాతి తరములవారు నూలుమిల్లులలో చేరిరి. 1982 జనవరిలో ఆరంభమైన పెద్ద సమ్మె తరువాత మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడెను. అప్పుడు వారి బిడ్డలు చేతికందిన పనినెల్ల చేపట్టిరి. అందు కొందరు టాక్సీ నడుపసాగిరి.

తెలుగు ఉపాధ్యాయుడు కారు క్లచ్చును గూర్చి వ్రాయుటేమని మీరు నవ్వవచ్చును. దానికి కారణము కలదు. మన పాఠశాల విద్యార్థులలో కొందరి యిండ్లలో పొయ్యి వెలుగుట టాక్సీ కదలుటపై ఆధారపడియున్నది. ఈ సంవత్సరము అట్టి తండ్రి యొకడు నాయొద్దకు వచ్చెను. "సార్, తెలుగుల సదివి నా కొడుకు ఏం జేస్తడు? రేపు బండి పని నేర్సుకుందామన్నా ఈ సదువు అక్కెరకొస్తదా?" అని యడిగెను. ఏడాది చివర బాలుని సర్టిఫికెట్టు తీసికొని వేరు మాధ్యమములో చేర్చవలెనని యాతని ఆలోచన. అతని మాటలో కోపము లేదు. బిడ్డనుగూర్చిన భయమే యున్నది. మాతృభాష తల్లిపాలవంటిదని నేను చెప్పవచ్చును. అది నిజమే. కాని పదునాలుగు గంటలు చక్రము వెనుక కూర్చుండి వచ్చిన వానికి ఆ మాట కడుపు నింపదు. కావున నేను ఏమియు చెప్పక, ఆయన బండి యెట్లున్నదని యడిగితిని.

బండికి జబ్బు చేసియుండెను. అప్పుచేసి కొన్న టాక్సీ. "క్లచ్చు పోయింది" అని ఆయన ఒక గ్యారేజీలో చెప్పగా, వారు గేరుబాక్సు దింపి క్లచ్చుప్లేటు, ప్రెషరుప్లేటు, బేరింగు మూడును మార్చవలెననిరట. వారు చెప్పిన మొత్తము ఆయన నెలసంపాదనకు దగ్గరగా నుండెను. బ్యాంకు కంతు ఒకప్రక్క, ఇంటి ఖర్చు ఒకప్రక్క. బండి గ్యారేజీలోనున్న దినములకు కూలి లేదు.

నేను పుట్టినది ఈ చాలులలోనే యైనను, ఉపాధ్యాయశిక్షణ పొందినది వరంగల్లులో. ఇప్పుడది మనకు పొరుగున తెలంగాణ రాష్ట్రములో నున్నది. నేను చదివిననాడు అది ఆంధ్రప్రదేశ్. అచ్చట నా గదికి ప్రక్కనే లారీలు బాగుచేయు పాక యొకటి యుండెడిది. అందలి ముసలి మేస్త్రీ పానా చేతబట్టుటకు ముందు డ్రైవరును పది ప్రశ్నలడిగెడివాడు. శబ్దము ఎప్పుడు వచ్చును? పెడలు నొక్కినప్పుడా, వదలినప్పుడా? చల్లని యింజనులోనా, వేడెక్కిన పిదపనా? వాసన యున్నదా? తరగతిలో మాకు బోధనాపద్ధతులు నేర్పిరి. ప్రశ్న యడుగుట యెట్లో ఆ పాకలోనే నేను ఎక్కువగా చూచితిని.

విద్యార్థులారా, క్లచ్చనగా నేమో ముందు తెలిసికొందము. ఇంజను తిరుగుచునే యుండును. చక్రములు ఒకప్పుడు తిరుగవలెను, ఒకప్పుడు ఆగవలెను. ఈ రెంటి నడుమ స్నేహము కలుపుటకును, విడదీయుటకును క్లచ్చు కావలసివచ్చెను. ఇంజను చివర ఫ్లైవీలను బరువైన చక్రమొకటి కలదు. దానికి ఆనుకొని, రెండు వైపుల గరుకు లైనింగు గల పళ్ళెమువంటి క్లచ్చుప్లేటు ఉండును. దాని నడిమి గాడులలో గేరుబాక్సు ఇరుసు దూరియుండును. ప్రెషరుప్లేటు స్ప్రింగు బలముతో ఈ ప్లేటును ఫ్లైవీలుకు అదిమిపట్టును. అప్పుడు ఘర్షణవలన మూడును కలిసి తిరుగును. మనము పెడలు నొక్కగా, తీగయో నూనెగొట్టమో ఆ బలమును లోపలికి చేర్చును, బేరింగొకటి ముందునకు జరిగి స్ప్రింగును ఒత్తును, పట్టు సడలును, ప్లేటు ఒంటరిదగును. అప్పుడు గేరు మార్చవచ్చును.

కావున క్లచ్చు చేయవలసిన పనులు రెండే: పట్టుట, విడుచుట. దాని జబ్బులలో ముఖ్యమైనవియు రెండే: పట్టకపోవుట, విడువకపోవుట. "క్లచ్చు పోయింది" అను ఒక్కమాటలో ఈ రెండును కలిసిపోవుచున్నవి. వైద్యునియొద్దకు పోయి "ఒంట్లో బాగులేదు" అని ఊరకున్నట్లే యిది. పట్టకపోవుటకు మందు వేరు. విడువకపోవుటకు మందు వేరు.

పట్టని క్లచ్చును ఇట్లు గుర్తింపవచ్చును. యాక్సిలరేటరు నొక్కగా ఇంజను మ్రోత పెరుగును గాని వేగము పెరుగదు. ఈ దోషము మొదట ఎక్కుడు బాటలలోను, పై గేర్లలోను బయటపడును. కెంప్స్ కార్నరునుండి మలబారుకొండ యెక్కునప్పుడు బండి రొప్పుచు వెనుకబడినచో అనుమానింపవలెను. లైనింగు మాడిన వాసన వచ్చును. లైనింగు అరిగినను, దానిపై నూనె కారినను, స్ప్రింగు బలము తగ్గినను, తీగ మరీ బిగిసి పెడలుకు ఆట లేకుండినను ఇట్లగును.

విడువని క్లచ్చు లక్షణములు వేరు. బండి బాగుగనే లాగును. కాని గేరు పడునపుడు పండ్లు కొరికినట్లు శబ్దము వచ్చును. రివర్సు గేరులో అది మరింత స్పష్టము. తీగ సాగి పెడలు ఆట పెరిగినను, నూనెతో పనిచేయు క్లచ్చులో గాలి చేరినను, ప్లేటు వంకరపోయినను, ఇరుసు గాడులు తుప్పుపట్టినను ఇట్లు కలుగును.

ఒక ఆదివారమునాడు సందు మొదట, ఎదుట ఎవరును లేని చోట, బండిని నిలిపి పరీక్షించితిమి. బాలుని చేత నోటుపుస్తకములో నిలువుగీత గీయించితిని. ఒకవైపు "పట్టుట", మరియొకవైపు "విడుచుట" అని వ్రాసెను. తండ్రి డ్రైవరు స్థానమున కూర్చుండెను.

మొదటిది పట్టు పరీక్ష. చక్రములకడ్డముగా రాళ్ళు పెట్టి, హేండుబ్రేకు గట్టిగా లాగి, నాలుగవ గేరు వేసి, కొద్దిగా యాక్సిలరేటరిచ్చి క్లచ్చును మెల్లగా వదలుమంటిమి. క్లచ్చు పట్టనిదైనచో ఇంజను తిరుగుచునే యుండును. పట్టునదైనచో ఇంజను ఆగిపోవలెను. అది వెంటనే ఆగిపోయెను. బాలుడు "పట్టుచున్నది" అని వ్రాసెను. ఈ పరీక్షను పెద్దవారే చేయవలెను. ఒకసారికంటె ఎక్కువ చేయరాదు, మంచి క్లచ్చు కూడ మాడును.

రెండవది విడుపు పరీక్ష. ఇంజను నెమ్మదిగా తిరుగుచుండగా పెడలును పూర్తిగా నొక్కి, అయిదు లెక్కించి రివర్సు వేయవలెను. క్లచ్చు విడిచినచో ఆ కొద్ది క్షణములలో ప్లేటు తిరుగుట మానును. గేరు మెత్తగా పడును. మా బండిలో గరగరమని శబ్దము వచ్చెను. "విడుచుట లేదు" అని రెండవవైపున వ్రాసెను.

పిమ్మట బాలుని జామెట్రీపెట్టెలోని స్కేలు తీసికొని పెడలు ఆటను కొలిచితిమి. తీగతో పనిచేయు క్లచ్చులో సాధారణముగా అర అంగుళమునుండి అంగుళము వరకు నుండవలసిన ఆట రెండంగుళములు దాటియుండెను. బానెట్టు తెరచి చూడగా గేరుబాక్సు పైనున్న మీటయొద్ద తీగపోగులు కొన్ని తెగి విప్పారియుండెను. జబ్బు ప్లేటులో లేదు, తీగలో నున్నది. ప్రక్క సందులోని మేస్త్రీ ఆ పుస్తకము చదివించుకొని విని, తానును ఒకసారి రివర్సు వేసి చూచి, తలయూచెను. కొత్త తీగ వేసి, ఆట సరిచేసి, గంటలోపల బండి నప్పగించెను. గేరుబాక్సు దింపు పని తప్పెను. ఆయనకు పట్టిన ఖర్చు ఒకనాటి సంపాదనకు మించలేదు.

ఇంటి పెద్దలకు ఉపయోగించునని మరి కొన్ని లక్షణములు చెప్పుదును. పెడలు నొక్కగానే కీచుమని, వదలగానే ఆగినచో క్లచ్చు బేరింగు అరిగినదని తలంపవలెను. వదలినప్పుడు వచ్చి, నొక్కగా ఆగినచో దోషము గేరుబాక్సు ముందటి బేరింగులో నుండవచ్చును. బయలుదేరునపుడు బండి వణకినచో లైనింగుపై నూనె పడినదేమో, ఇంజనును మోయు రబ్బరుదిమ్మలు చినిగినవేమో చూడవలెను. నూనెక్లచ్చులో పెడలు మెత్తబడి క్రిందికి దిగిపోయినచో కారుట ఎక్కడనో వెదకవలెను. ఇవి కాక మన అలవాట్లవలన వచ్చు జబ్బులు రెండు. అవసరము లేనప్పుడు పెడలుపై పాదము మోపియుంచుట ఒకటి. ఎక్కుడు సిగ్నలువద్ద బ్రేకు వేయక, సగము క్లచ్చుతో బండిని నిలుపుట రెండవది.

ఆనాడు పని ముగిసిన పిదప ఆ తండ్రి నోటుపుస్తకము నడిగి తీసికొనెను. ఆయన చదువు నాలుగవ తరగతి, అదియు మునిసిపల్ తెలుగు బడిలో. వ్రేలు పెట్టి ఒక్కొక్క అక్షరమును కూడబలుకుకొనుచు రెండు వైపులను చదివెను. "గ్యారేజికి పోయిననాడు గీ కాయితం నా చేతులుంటె, గంత కర్సు చెప్పకపోతుండిరి సార్" అనెను. గ్యారేజీవారు వంచించిరని నేను అనను. ఆయన చెప్పినది ఒక్క మాట. వారు విన్నదియు ఆ మాటనే. చూచినదానిని చూచినట్లు విడదీసి చెప్పగల మాటలు లేనిచోట, పేదవాని సంచి తేలికయగును.

బాలుడు వ్రాసినది తెలుగు. తన తల్లి వంటయింట వాడు పట్టు, విడుపు, జారు, సాగు, ఆట మొదలైన మాటలనే అతడు వాడెను. వానితోనే యంత్రపు లోపలిగుట్టు తేటపడెను. దీనివలన ఇంగ్లీషు వలదని నేననుట లేదు. ఇంగ్లీషు నేర్వవలెను, ఈ రాష్ట్రమున నివసించు మనము మరాఠీని కూడ చక్కగా నేర్వవలెను. కాని ఆలోచన మొదట ఒక భాషలో గట్టిగా పట్టుబడవలెను. ఆ పట్టు లేనివానికి ఏ గేరు వేసినను మ్రోతయే గాని వేగముండదు.

యంత్రములు మారును. 1964 నుండి కుర్లాలో తయారై, తరువాత పద్మినియను పేరుతో మన వీథుల నేలిన కారు, 2023 అక్టోబరు 30 తరువాత టాక్సీగా కానరాలేదు. చక్రముప్రక్కన గేరుకోల గల ఆ బండితోపాటు దాని డ్రైవర్ల మాటలు కొన్ని కూడ మరుగునపడుచున్నవి. ఇప్పుడు విద్యుత్కార్లు వచ్చుచున్నవి. వానిలో క్లచ్చుపెడలే యుండదు. మీ బిడ్డలనాటికి ఈ వ్యాసములోని జబ్బులు వింతకథలు కావచ్చును. ఐనను ఎప్పుడు, ఎక్కడ, ఎట్లు అని యడిగి, విడదీసి, వ్రాసికొను పద్ధతి పాతపడదు.

ఆ తండ్రి తన నిర్ణయమును నాకు ఇంకను తెలుపలేదు. పరీక్షల తరువాత చెప్పుదునన్నాడు. ఏ నిర్ణయము చేసినను ఆ నోటుపుస్తకము బాలునియొద్దనే యుండును.

మీకు నాదొక కోరిక. మీ తండ్రి టాక్సీ నడుపునా, మీ తల్లి మిషను కుట్టునా, మీ తాత మిల్లులో మగ్గము చూచెనా, వారినడిగి వారి పనిలోని పది మాటలు వ్రాసికొని రండు. జబ్బు చేసిన యంత్రమును వారెట్లు గుర్తింతురో అడుగుడు. వచ్చు సంచికలో రెండు పుటలను వానికై విడిచియుంచుదుము.