కొంగుముడిలో మాత్రలు

పాడేరు కొండల్లో మాది చిన్న ఊరు. మేం ముగ్గురం అన్నదమ్ములం, మాకు ఒక్కతే అక్క. రెండేళ్ల కిందట వానాకాలంలో అక్కకు కాళ్లు వాచాయి. పడుకుంటే ఊపిరాడేది కాదు. రాత్రంతా గోడకు ఆనుకుని కూర్చునేది. డోలీ కట్టి రోడ్డు దాకా మోశాం. అక్కణ్ణుంచి 108లో పట్నం ఆసుపత్రికి చేర్చాం.

గుండె కవాటం చెడిందని డాక్టరు చెప్పారు. చిన్నప్పుడు గొంతునొప్పి, జ్వరం, ఆ తర్వాత కీళ్లనొప్పులు వచ్చాయా అని అడిగారు. వచ్చాయి. పసరు పూస్తే తగ్గిందనుకున్నాం. కీళ్లు బాగయ్యాయి గానీ జబ్బు గుండెను పట్టింది. దాన్ని రుమాటిక్ గుండె జబ్బు అంటారు.

ఆడవాళ్ల వార్డు కాబట్టి అమ్మే తోడుండేది. మేం వరండాలో పడుకునేవాళ్లం. అమ్మకూ అక్కకూ కువి భాషే వచ్చు, తెలుగు అంతంతమాత్రం. డాక్టర్లు పొద్దున్నే వచ్చి నాడి, బీపీ చూసి "ఎలా ఉందమ్మా?" అనేవారు. అక్క తలూపేది. మేం అడిగినా తలే ఊపేది.

మొదట సూదిమందుతో వాపు కొంత దిగింది. మాత్రలకు మార్చాక మళ్లీ పెరిగింది. మోతాదు పెంచినా అంతే. ఒకరోజు టీ డబ్బుల కోసం అమ్మ కొంగుముడి విప్పితే తెల్లటి మాత్రలు రాలాయి. లెక్కపెడితే ఏడు.

మాకు కోపమొచ్చింది. గట్టిగా అడిగాం. అమ్మ నెమ్మదిగా చెప్పింది. ఆ మాత్ర వేసుకుంటే మాటిమాటికీ ఒంటికి వెళ్లాలి. మరుగుదొడ్డి వార్డు చివరనుంది. వెళ్లొచ్చేసరికి అక్క ఆయాసంతో కూలబడిపోతోంది. ఆ ఆయాసం మాత్ర వల్లే వస్తోందని అమ్మ అనుకుంది. అక్కేమో నీళ్లు తాగడం కూడా మానేసింది.

ఒంట్లో చేరిన నీరు పోవడానికే ఆ మాత్ర. మాకు ఆ సంగతి తెలుసు. వాళ్లకు వాళ్ల భాషలో ఎవరూ చెప్పలేదు. చదువుకున్న వాళ్లం, వరండాలోనే ఉండి మేమూ చెప్పలేదు.

నర్సమ్మ తిడుతుందని భయపడుతూనే చెప్పాం. ఆవిడ తిట్టలేదు. మంచానికి తెర కట్టించి బెడ్‌పాన్ తెప్పించింది. డాక్టరును అడిగి సాయంత్రం మాత్రను మధ్యాహ్నానికి మార్పించింది. కొద్ది రోజుల్లో వాపు తగ్గింది. అక్క రాత్రి పడుకుని నిద్రపోయిందని చెబుతూ అమ్మ ఏడ్చింది.

గుండె జబ్బుతో మనిషి బతుకు ఎలా సాగుతోందో తెలుసుకోవడానికి అమెరికాలోని మిన్నెసోటాలో తయారైన ఒక ప్రశ్నావళి ఉందని తర్వాత చదివాం. అందులో 21 ప్రశ్నలు. కాళ్లు వాస్తున్నాయా, నిద్ర పడుతోందా, ఇష్టమైనవి తినగలుగుతున్నారా, ఇంటివాళ్లకు బరువయ్యామని అనిపిస్తోందా అని అడుగుతాయి. కొన్నింటిని కువిలో అక్కను అడిగాం. ఉప్పులేని అంబలి సంగతికి నవ్వింది. చివరిదానికి నవ్వలేదు. "డోలీ దించాక మీ భుజాలు చూశాను" అంది. అన్ని రోజులూ తలూపుతూ ఆ మాట లోపలే దాచుకుంది.

ఇప్పుడు 21 రోజులకోసారి అక్కను పెన్సిలిన్ సూదికి తీసుకెళ్తున్నాం. నాట్ల రోజైనా, సంత రోజైనా ఆపడం లేదు. గొంతునొప్పి మళ్లీ వస్తే కవాటం ఇంకా చెడుతుంది.

ఆశ్రమ పాఠశాలల్లో పనిచేసే టీచర్లకు ఒక మాట. పిల్లలకు గొంతునొప్పి, జ్వరం వస్తే చిన్నదని వదలకండి, కీళ్లనొప్పులంటే వెంటనే ఆసుపత్రికి పంపండి. తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మన ఊరివాళ్లు ఆసుపత్రిలో ఉంటే పళ్లు ఇచ్చి వచ్చేయకండి. మంచం పక్కన కూర్చుని ఏ మాత్ర దేనికో మన భాషలో చెప్పండి. రాత్రి ఎలా గడిచిందో అడగండి. తలూపితే మళ్లీ అడగండి.