సచివాలయం గోడకు ఇంకో కాగితం

పలాస నుంచి వజ్రపుకొత్తూరు వైపు వెళ్లే దారిలో, జీడితోటల మధ్య ఉన్న ఒక ఊరి సచివాలయానికి వెళ్లాను. పాత పంచాయతీ ఆఫీసే ఇప్పుడు సచివాలయం. దాని కరెంటు బిల్లులు చూద్దామని నా ఉద్దేశం.

మధ్యాహ్నం మూడు గంటలకు పడమటి గోడ మీద లోపలివైపు చెయ్యి పెడితే చురుక్కుమంది. "తిత్లీకి ముందు ఇటేపు కొబ్బరిచెట్లుండేవి బాబూ. అన్నీ పడిపోనాయి. ఇప్పుడు ఫ్యాను తిరిగినా వేడిగాలే" అన్నాడు అక్కడి అటెండరు. 2018 అక్టోబరు 11న తీరం దాటిన ఆ తుఫాను ఈ ఉద్దానం ప్రాంతంలో తోటలనే కాదు, వాటి నీడనూ పట్టుకుపోయింది.

పైన తిరిగేవి 75 వాట్ల పాత ఫ్యాన్లు. అలాంటి ఫ్యాన్లు పది కలిసి ఎనిమిది గంటలు తిరిగితే 6 యూనిట్లు కాలుతాయి. 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లకు రెండున్నర యూనిట్లు కూడా పట్టవు.

ఇక భవనం మొత్తం లెక్కకొస్తే, ఆఫీసు భవనాలకు స్టార్ రేటింగును కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ (బీఈఈ) 2009లోనే మొదలుపెట్టింది. ఏడాదిలో కాలిన యూనిట్లను చదరపు మీటర్లతో భాగించి, వచ్చిన అంకెను బట్టి నక్షత్రాలిస్తారు. కాగితం మీది డిజైను కాకుండా నిజంగా కాలిన కరెంటును లెక్కలోకి తీసుకుంటుంది కాబట్టి నాకిది నచ్చుతుంది. కానీ 100 కిలోవాట్లు, అంతకు మించి లోడు ఉన్న భవనాలకే ఆ పథకం. అంత లోడున్న పెద్ద భవనాలకైతే సరే. ఊళ్లో బడి, పీహెచ్‌సీ, సచివాలయం దాని కిందికి రావు. ఇంగ్లండ్, వేల్స్‌లలో జనం తరచూ వచ్చే ప్రభుత్వ భవనం 250 చదరపు మీటర్లు దాటితే చాలు, ఇంధన వాడకానికి ఏ నుంచి జీ వరకు గ్రేడున్న సర్టిఫికెట్టు అందరికీ కనబడేలా పెట్టాల్సిందే.

ఈ సచివాలయం గోడకు పథకాల లబ్ధిదారుల జాబితా అంటించి ఉంది. ఎవరికేం వచ్చిందో ఊరంతా చదువుతుంది. భవనం ఎంత కరెంటు కాలుస్తోందో తెలిపే కాగితం ఉండాల్సిన చోటు కూడా అదేనని నా గట్టి నమ్మకం. లెక్క కట్టడానికి బయటి మనిషి అక్కర్లేదు. కొలతలు తెలిసిన ఇంజనీరింగ్ అసిస్టెంటు, మీటరు తెలిసిన ఎనర్జీ అసిస్టెంటు ఆ గదిలోనే కూర్చుంటారు.

ఆ మాటే అన్నాను. ఇంజనీరింగ్ అసిస్టెంటు అమ్మాయి టేపు తీసి గది పొడవు కొలవడం మొదలుపెట్టింది. ఎనర్జీ అసిస్టెంటు బిల్లులు నెలల వారీగా పేర్చాడు. రెండు నెలలవి దొరకలేదు. సర్వీసు నంబరు చెప్పి కరెంటు పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్ ఆఫీసులో తీసుకుంటానన్నాడు.