ఊరికి ముద్దుపేర్లు

మొన్న శ్రావణమాసమున నొకనాటి రాత్రి పెద్ద యురుములు ఉరిమినవి. మా తొమ్మిదేండ్ల పిల్ల మమ్ము కౌగిలించుకొని, అందఱు పిల్లలవలెనే అర్జునుని పది పేర్లు చదువ మొదలిడెను. ఉరుములు తగ్గిన పిదప, "ఒక్కడికి పది పేర్లెందుకమ్మా?" యని యడిగెను. విరాటపర్వమున ఉత్తరునకు అర్జునుడే ఆ కారణములు చెప్పినాడనియు, గెలుచువాడు గనుక విజయుడనియు, రెండు చేతులతోను బాణములు వేయువాడు గనుక సవ్యసాచి యనియు మేము చెప్పితిమి. "మన ఊరికీ ఉన్నాయా అన్ని పేర్లు?" యని మఱల నడిగెను. మేము కాపురముండునది హైదరాబాదు.

లేకేమి? 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా మూసీ దక్షిణపు టొడ్డున ఈ నగరమును కట్టించెను. భాగ్యనగరమను పేరు భాగమతి యను స్త్రీవలన వచ్చెనని కొందఱును, పారసీకమున బాగనగా తోట గనుక తోటల యూరని కొందఱును చెప్పుదురు. చరిత్రకారుల వాదమింకను తెగలేదు. ముత్యాలనగరమను పేరును గలదు. మూసీలో ముత్యము పుట్టదు. పారసీక సింధుశాఖనుండి వచ్చిన ముత్యములకు రంధ్రములు వేసి, సరులు గ్రుచ్చిన పనివారి చేతులు తెచ్చిన పేరది. 1806లో సికందర్ జా పేరిట సికింద్రాబాదు వెలసిన పిదప, హుస్సేన్ సాగరమునకు చెఱియొక వైపున నున్న యీ రెండును జంటనగరములైనవి. గడచిన శతాబ్దపు చివర కంప్యూటరు కొలువులు రాగా, పడమటి భాగము సైబరాబాదైనది.

మఱియొక సంగతియు చెప్పితిమి. 1687లో ఔరంగజేబు గోలకొండను గెలిచిన తరువాత, ఇచ్చటి మొగలు నాణెములపై నగరమునకు దారుల్ జిహాద్, అనగా మతయుద్ధపు నెలవు, అను బిరుదు ముద్రించిరి. అసఫ్ జాహీల నాణెములపై నది పోయి, ఫర్ఖుందా బునియాద్, అనగా శుభమైన పునాది, అను పేరు వచ్చెను. గెలిచినవారు పెట్టిన పేరు వెండిపై నచ్చు వేసినను నిలువలేదు.

పిల్ల కొంతసేపు మాటలాడలేదు. పిదప మెల్లగా, "మరి నాకు మొద్దు అని పేరెందుకొచ్చిందమ్మా? నేనేం చేశాను?" అనెను.

మాకు నోట మాట రాలేదు. ఆ పేరు పెట్టినది మేమే. ఎక్కములు తప్పు చెప్పినదని యొకనాడు విసుగుతో నన్నమాటను, చుట్టములును, ఇరుగుపొరుగువారును, తుదకు దాని తమ్ముడును పట్టుకొనిరి. మా వారు బడిలో నే పిల్లవానిని అట్లనరు. మమ్మును వలదని రెండు మాఱులు వారించిరి. ముద్దుపేరే గదా యని మేము నవ్వి యూరకుంటిమి.

సోదరీమణులారా! నాణెముపై పేరు మార్చుటకు టంకసాల యున్నది. పిల్ల మనస్సున పడిన యచ్చును మార్చుటకు అట్టిది లేదు. పెట్టినవారే మానవలెను. మఱునాడే యింట నందఱకును చెప్పితిమి. ఎవరైన మఱచి యట్లు పిలిచినచో పలుకవలదని పిల్లకును చెప్పితిమి. ఆ తరువాత మేమే యొకమాఱు వంటింటినుండి నోరు జారితిమి. అది పలుకలేదు. మాకు సంతోషమే కలిగెను.