చిలికా మొగ దగ్గర ఒక పగలు

విశాఖపట్నం నుండి భువనేశ్వరం వైపు పగటిపూట రైలులో వెళ్ళినవారు బరంపురం దాటిన తరువాత కుడివైపు కిటికీలోంచి ఆ నీటిని చూసే ఉంటారు. రంభ, ఖల్లికోట, బాలుగావ్ స్టేషన్ల ప్రాంతంలో ఎడమవైపు కొండలు, కుడివైపు అంతులేని నీళ్ళు, ఆ నీళ్ళలో చిన్న చిన్న లంకలు కనిపిస్తాయి. మొదటిసారి చూసినవారు అదే సముద్రమనుకుంటారు. అది సముద్రం కాదు, చిలికా సరస్సు. అసలు సముద్రం ఆ నీటికి అవతల, సన్నని పొడవాటి ఇసుక దిబ్బ వెనుక ఉంది. ఆ దిబ్బకు ఒక మొగ ఉంది. ఆ మొగ దగ్గర రాజహంస అని పిలిచే ఇసుక దీవి ఉంది. ఒకవైపు కదలని సరస్సు, మరోవైపు ఘోషించే సముద్రం, నడుమ కొద్దిపాటి ఇసుక. ఉదయం బయలుదేరి సాయంత్రానికి తిరిగి రాగలిగిన ప్రదేశమే అయినా, ముందుగా ఆలోచించుకోకుండా వెళ్ళినవారు ఎండ, ఆకలి, బేరాల తగవులు తప్ప ఏమీ చూడకుండా తిరిగి వస్తుంటారు. పూరీ వైపు వెళ్ళే కుటుంబాలకు, యౌవనస్థుల బృందాలకు ఉపయోగపడగలదని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ఏ గట్టుకు చేరాలి?

మనవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. రైలు పడమటి గట్టు వెంట వెళుతుంది గనుక బాలుగావ్‌లో దిగితే చాలనుకుంటారు. బాలుగావ్, దాని ప్రక్కనున్న బర్కుల్, దక్షిణాన రంభ, ఇవన్నీ సరస్సుకు పడమటి గట్టున ఉన్నాయి. అక్కడి నుండి లంకలు చూడవచ్చు. చలికాలంలో పక్షులకు ఆశ్రయమైన నలబాణ ప్రాంతం వైపు పడవలో వెళ్ళవచ్చు. కాని సముద్రపు మొగ మాత్రం అక్కడికి చాలా దూరం.

మొగను, డాల్ఫిన్లను చూడదలచినవారు తూర్పు గట్టుననున్న సాతపడా చేరాలి. పూరీ నుండి బ్రహ్మగిరి మీదుగా సుమారు 50 కిలోమీటర్లు. రోడ్డు మీద గంటన్నర ప్రయాణం. మన వైపు నుండి వెళ్ళేవారు ఖుర్దా రోడ్డు జంక్షన్‌లో మారి పూరీ చేరి, ఆ రాత్రి అక్కడే విశ్రమించి, తెల్లవారుజామున బయలుదేరడం మంచిది. పూరీలో భాష రాదని బెంగపడనక్కరలేదు. అక్కడి సముద్రపు ఒడ్డున పెంటకట అనే పేటలో నివసించే నోలియాలు ఆంధ్ర తీరం నుండి వలస వెళ్ళిన బెస్తవారి సంతతి. ఆ వీధుల్లో నేటికీ తెలుగు వినబడుతుంది.

సాతపడాలో మాత్రం ఒరియా మాటలు రెండు మూడు వస్తే మేలు. పాణి అంటే నీళ్ళు. ధీరే అంటే మెల్లగా. పడవను వారు డొంగా అంటారు. ఆ మాట విని మన పిల్లలు నవ్వితే, అర్థం చెప్పి ఊరుకోబెట్టండి!

మొగే దాని ప్రాణం

వెళ్ళేముందు పిల్లలకు ఈ సరస్సు కథ చెప్పండి. తెలిసి చూసిన చోటు మనసులో నిలుస్తుంది.

చిలికా మంచినీటి చెరువు కాదు, పూర్తిగా ఉప్పునీరూ కాదు. మహానది పాయలైన దయ, భార్గవి మొదలైన నదులు ఉత్తరం నుండి మంచినీరు తెస్తాయి. మొగ గుండా సముద్రం పోటు సమయంలో ఉప్పునీరు పంపుతుంది. ఈ రెండూ కలిసే చోట రొయ్య, పీత, చేప పెరుగుతాయి. వానాకాలంలో ఇది 1,100 చదరపు కిలోమీటర్లకు మించి పరుచుకొని, వేసవిలో 900 ప్రాంతానికి తగ్గుతుంది. ఇంత వెడల్పున్నా లోతు తక్కువ. చాలా చోట్ల రెండు మీటర్లు కూడా ఉండదు.

1981లో అంతర్జాతీయ రామ్‌సర్ ఒడంబడిక క్రింద మన దేశం నుండి మొదట గుర్తింపు పొందిన నీటి ప్రదేశాలలో చిలికా ఒకటి. కాని ఆ తరువాత దానికి కష్టకాలం వచ్చింది. నదులు తెచ్చిన ఒండ్రు పేరుకుంది. సముద్రపు ఇసుక మొగను పూడ్చసాగింది. ఉప్పదనం తగ్గి, గుర్రపుడెక్క వంటి కలుపు అల్లుకుంది. చేపలు పడక వలలు ఖాళీగా వచ్చాయి. 1993లో ఈ సరస్సు పేరు ప్రమాదంలో ఉన్న నీటి ప్రదేశాల పట్టికలోకి ఎక్కింది.

అప్పుడు ఒరిస్సా ప్రభుత్వం నెలకొల్పిన చిలికా అభివృద్ధి సంస్థ బాగా పరిశీలన చేయించి, 2000 సెప్టెంబరు 23న సాతపడాకు చేరువలో ఇసుక దిబ్బను త్రవ్వి క్రొత్త మొగ తెరిపించింది. దానితో సముద్రానికి చేరే దారి సుమారు 18 కిలోమీటర్లు తగ్గింది. ఉప్పునీరు మళ్ళీ లోపలికి వచ్చింది. కలుపు వెనుకకు తగ్గింది. కొద్ది సంవత్సరాలలోనే చేపలు, రొయ్యలు ఎన్నో రెట్లు పెరిగాయి. 2002లో ఆ పట్టిక నుండి చిలికా పేరు తొలగించారు. అదే సంవత్సరం ఆ సంస్థకు రామ్‌సర్ బహుమానం లభించింది.

మీరు రాజహంస మీద నిలబడినప్పుడు ఇది జ్ఞాపకం చేసుకోండి. ఆ ఇసుక, ఆ మొగ కేవలం వేడుక చూసే చోటు కాదు. లక్షకు పైగా బెస్తవారి అన్నం ఆ గొంతు గుండానే లోపలికి దిగుతుంది. ఆ మొగ కూడా స్థిరమైనది కాదు. అలలు, తుఫానులు దానిని అటూ ఇటూ జరుపుతుంటాయి. అందుచేత పాత చిత్రపటాన్ని నమ్ముకోక, పడవవాడు చెప్పే దారినే నమ్మాలి.

ఎప్పుడు వెళ్ళాలి?

నవంబరు చివరి నుండి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. సైబీరియా మొదలైన దూరదేశాల నుండి లక్షలాది పక్షులు వచ్చి చేరేది అప్పుడే. ఎండ కూడా ఓర్చుకోగలిగినంతే ఉంటుంది. మార్చి తరువాత గాలి పెరుగుతుంది. లోతు తక్కువైన నీటి మీద గాలి వీస్తే అలలు త్వరగా లేస్తాయి. జూన్ నుండి వానలు. అక్టోబరు, నవంబరు నెలల్లో తుఫాను వార్తలు విని మరీ బయలుదేరాలి. 2013 అక్టోబరులో వచ్చిన ఫైలిన్, 2019 మేలో వచ్చిన ఫణి తుఫానులు రెండూ ఈ తీరాన్నే కొట్టాయి. శీతకాలపు ఉదయాలలో మంచు దట్టంగా కురిస్తే, తెరిపి ఇచ్చేవరకు ఆగండి. ఒక గంట ఆలస్యమైనందువలన నష్టమేమీ లేదు.

రోజును ఈ విధంగా పంచుకోవచ్చు. ఉదయం ఆరింటికి పూరీ విడవాలి. ఎనిమిదింటికి పడవ ఎక్కాలి. పదింటికల్లా డాల్ఫిన్లను చూచి రాజహంస చేరాలి. పన్నెండు కొట్టేసరికి తిరుగు పడవలో ఉండాలి. ఒంటిగంటకు సాతపడాలో భోజనం చేసి, వెలుగుండగానే పూరీ చేరాలి. డిసెంబరులో అక్కడ అయిదుంబావుకే ప్రొద్దు గూకుతుందని మరువకండి. ఆలస్యంగా బయలుదేరిన రోజున పడవ ప్రయాణం కుదించుకోండి గాని, తిరిగి వచ్చే వేళను మాత్రం వెనుకకు నెట్టకండి.

పడవ ఎక్కేముందు

సాతపడా రేవులో ప్రభుత్వ పర్యాటక సంస్థ పడవలు, స్థానికుల సంఘం పడవలు దొరుకుతాయి. పొడవాటి పడవకు వెనుక డీజిలు ఇంజిను, పైన ఎండ ఆపే కప్పు ఉంటాయి. డబ్బు ఇవ్వకముందే నాలుగు సంగతులు అడగండి.

1. ఈ పడవ ఎక్కడెక్కడికి తీసుకువెళుతుంది? మొగ వరకా, డాల్ఫిన్లు చూపి వెనుకకేనా?

2. మొత్తం ఎన్ని గంటలు? రాజహంస మీద ఎంతసేపు ఆగుతుంది?

3. ఎంతమందికి అనుమతి ఉంది? ఆ లెక్కకు మించి ఒక్కరినైనా ఎక్కించవద్దు. ‘‘చిన్న పిల్లలే కదా, సర్దుకుందాం’’ అనే మాట నీటి మీద పనికిరాదు.

4. అందరికీ తేలే చొక్కాలు ఉన్నాయా? పిల్లల కొలతవి ఉన్నాయా?

నాలుగవ దానికి సరైన జవాబు రాకపోతే వేరే పడవ చూసుకోండి. చొక్కా కాళ్ళ దగ్గర పెట్టుకోక, ఒంటికి తొడిగి, తాళ్ళు బిగించాలి. పెద్దలు తొడిగితే పిల్లలు తొడుగుతారు. బృందంగా వెళ్ళేవారు ఒక పెద్దమనిషికి లెక్క అప్పగించండి. ఎక్కేటప్పుడు ఒకసారి, దీవి మీద దిగినప్పుడు ఒకసారి, తిరిగి ఎక్కేటప్పుడు ఒకసారి తలలు లెక్కించాలి. నడి నీటిలో ఫొటో కొరకు అందరూ ఒకే వైపు లేవకూడదు.

వెంట తీసుకువెళ్ళవలసినవి తక్కువే. మనిషికి రెండు లీటర్ల మంచినీరు, పులిహోర వంటి చెడని ఆహారం, టోపీ లేక తలగుడ్డ, మార్చుకొనే బట్టలు, చెత్త వేయడానికి ఒక ఖాళీ సంచి. దీవి మీద నీడ తక్కువ. చంటిబిడ్డలను, వృద్ధులను అంత దూరం తీసుకువెళ్ళకపోవడమే మేలు. వారికి సాతపడా గట్టునే చల్లగాలి, చూడదగిన నీరు ఉన్నాయి.

డాల్ఫిన్లు

చిలికాలో ఉండేవి ఇరావతి డాల్ఫిన్లు. సినిమాల్లో చూసినట్లు గాలిలోకి ఎగిరి పల్టీలు కొట్టవు. గుండ్రని తల, చిన్న వీపు రెక్క, బూడిద రంగు. ఊపిరి కొరకు మెల్లగా పైకి వచ్చి, ఒక్క నిట్టూర్పు విడిచి మునిగిపోతాయి. అవి మొత్తం 150 ప్రాంతంలో మాత్రమే ఉన్నాయి.

ఒకటి కనబడగానే నాలుగు పడవలు దాని వెంట పడడం తరచుగా జరుగుతుంది. ఇంజిను చప్పుడుకు అవి బెదరుతాయి. తిరిగే రెక్కలు తగిలి గాయపడతాయి. పడవవాడు వెంట తరిమేది ఎందుకు? మనం ‘‘ఇంకా దగ్గరకు, ఇంకా దగ్గరకు’’ అంటాము గనుక. ‘‘ధీరే’’ అనండి. ఇంజిను ఆపమనండి. నిశ్శబ్దంగా పావుగంట కూర్చుంటే, తరిమినా కనబడనివి వాటంతటవే పడవ ప్రక్కన తేలడం కద్దు. ఓపిక పట్టడం పిల్లలకు నేర్పడానికి ఇంతకంటె మంచి పాఠశాల ఉండదు.

రాజహంస ఇసుక మీద

పడవ సరస్సు వైపు ఆగుతుంది. ఇసుక దాటి కొద్ది దూరం నడిస్తే సముద్రం. ఎర్రని చిన్న పీతలు అడుగుల చప్పుడుకు కన్నాల్లోకి దూరిపోతుంటాయి.

ఇక్కడ తల్లిదండ్రులు గట్టిగా ఉండవలసిన మాట ఒకటుంది. మొగ దగ్గర స్నానం చేయరాదు. పోటు సమయంలో సముద్రమంతా ఆ ఇరుకు దారిన లోపలికి తోసుకు వస్తుంది. పాటు సమయంలో సరస్సు నీరు అదే దారిన బయటకు లాగుకుపోతుంది. పైకి ప్రశాంతంగా కనిపించినా, మోకాలి లోతులో నిలబడినవాని కాళ్ళ క్రింద ఇసుకను కూడా లాగివేయగలదు. ఈత వచ్చిన యౌవనస్థులే ఇటువంటి చోట ముందుకు దూకుతారు. ఆదుకునే మనిషి గాని, ఆసుపత్రి గాని దగ్గరలో ఉండవు. పిల్లలు తడవాలని మారాం చేస్తే, పడవవానిని అడిగి, సరస్సు వైపు నిలకడైన నీటిలో, పెద్దల చేయి పట్టుకొని, చీలమండల లోతు వరకే.

ఇంకొక హెచ్చరిక. ఆల్చిప్ప పగులగొట్టి ముత్యం తీసి చూపేవారు కొందరు తారసపడతారు. ‘‘ఉచితంగా చూడండి’’ అని మొదలుపెట్టి, చివరకు వందలు, వేలు అడుగుతారు. ఆ ముత్యం ముందే వారి వ్రేళ్ళ మధ్య ఉంటుంది. నమస్కారం చెప్పి నడిచిపొండి.

మరొకరి పొలంలో

తిరుగు ప్రయాణంలో నీటిలో వరుసగా పాతిన కర్రలు, వాటికి కట్టిన వలలు కనిపిస్తాయి. అవి రొయ్యల కొరకు, పీతల కొరకు పన్నినవి. మన చేను గట్టు ఎటువంటిదో వారికి ఆ కర్రల వరుస అటువంటిది. చేతితో లాగడం, పడవను వాటి మీదుగా పోనిమ్మనడం తప్పు. పంట చేలో అడ్డంగా బండి తోలితే మనం ఊరుకుంటామా?

ప్లాస్టిక్ కాగితాలు, సీసాలు ఒక్కటి కూడా నీటిలో వేయకండి. తెచ్చిన సంచిలోనే వేసి గట్టుకు తీసుకురండి. భోజనం సాతపడాలో చేస్తే అక్కడివారికి నాలుగు రూపాయలు దక్కుతాయి, మనకు తాజా చేప దొరుకుతుంది. పడవవాడు మర్యాదగా, జాగ్రత్తగా తీసుకువచ్చి ఉంటే మాట ఒప్పుకున్న సొమ్ము పూర్తిగా ఇచ్చి, రెండు మంచి మాటలు చెప్పి పంపండి.

చిలికా ఒకసారి చావు అంచుకు వెళ్ళి తిరిగి వచ్చిన సరస్సు. దారి మూసుకుపోతే ఎంతటి నీరైనా చెడుతుందని, తెరుచుకుంటే మళ్ళీ జీవం వస్తుందని అది కళ్ళెదుట చూపుతుంది. అక్కడికి కొనుక్కున్న వినోదానికి యజమానులవలె కాక, ఒక పూట అతిథులవలె వెళ్ళండి. లెక్క తప్పకుండా అందరినీ ఎక్కించుకొని, వెలుగుండగానే క్షేమంగా గట్టు చేరండి.