గోపాలపురంలో ఎండా నీడా

బరంపురం నుంచి సుమారు 15 కిలోమీటర్లు వెళితే గోపాలపురం. ఒకప్పుడు రంగూన్ ఓడలు ఆగిన రేవు. ఇప్పటికీ ఒడ్డున పడవల దగ్గర జాలరుల నోట తెలుగే వినిపిస్తుంది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను తీరం దాటింది ఈ ఊరి దగ్గరే.

కిందటి వేసవిలో మా పిన్ని ఇంట్లో ఉండగా గాలివానకు కరెంటు పోయి రెండు రోజులు రాలేదు. బాబాయికి ఉబ్బసం. నెబ్యులైజర్ నడవాలంటే దిక్కు ఒక్క బ్యాటరీ పెట్టె, పవర్ స్టేషన్ అంటారే, అదే. మర్నాడు ఎండ కాసింది. డాబా మీద సోలార్ పలకకు తగిలిస్తే చార్జింగ్ ఎక్కదు! పిన్నికి కంగారు. తమ్ముడు తీగలు ఊడదీసి మళ్ళీ గట్టిగా బిగించాడు. పలక మీది కొబ్బరాకు నీడ తప్పించాడు. ఒక మూల నీడ పడినా కరెంటు బాగా తగ్గుతుంది. అయినా లాభం లేకపోయింది. పెట్టె మీద చెయ్యి వేస్తే చుర్రుమంది. సంగతి అదీ! ఇటువంటి లిథియం బ్యాటరీలు చాలావరకు 45 డిగ్రీలు దాటితే చార్జింగ్ తీసుకోవు. అది చెడిపోవడం కాదు, తనను తాను కాపాడుకోవడం.

పెట్టెను మెట్ల గదిలోకి మార్చి, పొడుగు తీగతో కలిపాం. చల్లబడ్డాక అంకెలు కదిలాయి. సాయంత్రానికి బాబాయి ఊపిరి కుదుటపడింది.

తీరం వెంబడి ఉన్న మన కుటుంబాలవారు గుర్తుంచుకోండి: పలకకు ఎండ, పెట్టెకు నీడ.